వడిని చెప్పు ఇంగ్లీషు మాటలు

మహేంద్రతనయా నది సముద్రమున గలియు మా బారువ తీరమున నిలుచుండి పూర్వపు ఓడలను తలచినప్పుడెల్ల, ఇంగ్లీషువారు ఓడ వడిని ‘నాట్’ అను మాటతో, అనగా ముడితో, కొలుచుట నాకు వింతగా దోచును. ఆ కాలపు నావికులు సమదూరమున ముడులు వేసిన త్రాటికి కొయ్యపలక గట్టి కడలిలో విడిచి, ఇసుకగడియారము ముగియులోపల ఎన్ని ముడులు చేజారెనో లెక్కించెడివారు. నేటి నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. ‘ఫాస్ట్’ మఱింత చిత్రము: రైలు ఫాస్టనిన పరుగెత్తును, చీర రంగు ఫాస్టనిన కదలక నిలుచును! దృఢమను అర్థమే దానికి మొదటిది. ‘క్విక్’ అనగా తొలుత సజీవమని. ‘స్పీడ్’ అనగా తొలుత అభ్యుదయమని. ఇక తుపాను వార్తలో గాలి 40 నాట్లని విన్నచో, అది గంటకు 74 కిలోమీటర్లని గ్రహింపుడు.