కోస్ట్‌గార్డ్ గస్తీ నౌకలో మన ఊరివాడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పెద్దమండ్యంలో పుట్టి కోస్ట్‌గార్డ్‌లో ఎట్లా చేరినావని అందరూ అడుగుతారు. వానొస్తే తప్ప చెరువులో నీళ్లుండని ఊరు మనది, అడగడం న్యాయమే.

నేను పనిచేసింది తీరానికి దగ్గరగా గస్తీ తిరిగే నౌకలో, అదీ ఇంజిను గదిలో. వీటిని రాణి అబ్బక్క తరగతి అంటారు. పోర్చుగీసు వాళ్లను ఎదిరించిన ఉల్లాల రాణి ఆమె. ఆ పేరు పెట్టిన మొదటి నౌకను విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టింది. 2012 జనవరిలో సేవలోకి వచ్చింది. పొడవు 51 మీటర్లు. గరిష్ఠ వేగం 34 నాట్లు, అంటే గంటకు సుమారు 63 కిలోమీటర్లు. మన మదనపల్లె బస్సు ఎప్పుడైనా అంత వేగంగా పోయిందా?

దీనికి ప్రొపెల్లరు ఉండదు. మూడు డీజిల్ ఇంజిన్ల బలంతో అడుగునుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకే ముందుకు పోతుంది. బోరు మోటారు వేయగానే రబ్బరు పైపు చేతిలోంచి ఎగిరిపడుతుంది కదా, అదే లెక్క. బయట తిరిగే రెక్కలు లేవు కాబట్టి లోతు తక్కువున్న చోటికీ పోగలదు.

2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్లు చేపల పడవను స్వాధీనం చేసుకొని వచ్చారు. ఆ తర్వాత తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా భద్రత బాధ్యత కోస్ట్‌గార్డ్‌కు అప్పగించారు. అందుకే పడవ పడవకూ పోయి కాగితాలు చూస్తాం. జాలర్లకు విసుగు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తెలుగు వచ్చినవాణ్ణని నన్ను పైకి పిలిచేవారు. మైకులో వెనక్కి పొమ్మని అరిస్తే చాలదు. "డీజిలుకు అప్పు చేసినామయ్యా, వల ఇంకా తీయలేదు" అంటారు. వాన నమ్ముకొని అప్పు చేసి చెనిక్కాయ వేసిన ఇంట్లో పెరిగినవాణ్ణి, ఆ మాట నాకు కొత్త కాదు. అయినా పంపాల్సిందే. పోయేదాకా పక్కనే ఉండేవాళ్లం.

2019 ఆగస్టు 12న విశాఖ దగ్గర కోస్టల్ జాగ్వార్ అనే నౌకలో మంటలు లేచాయి. అందులో 29 మంది. ఈ తరగతిదే రాణి రాష్‌మణి వెళ్లి 28 మందిని బయటికి తెచ్చింది. నేను ఆ నౌకలో లేను. కానీ అంత వేగం ఎందుకని అడిగేవాళ్లకు ఆ రోజు సంగతే చెబుతాను.

పిల్లలూ, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు చదివితే నావిక్‌కు, ఇంజినీరింగ్ డిప్లొమా ఉంటే యాంత్రిక్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. ఈత మాత్రం ముందే నేర్చుకోండి.

సంఘం వాళ్లకు ఒక మనవి. మా కాలంలో వీపుకు బెండు కట్టి బావిలోకి తోసేవాళ్లు, ఈత అదే వచ్చేది. ఇప్పుడు ఎక్కడ చూసినా బోర్లే. ఈత రాని పిల్లలు వానాకాలం కుంటల్లోకి మాత్రం దిగుతున్నారు. స్వర్ణోత్సవ నిధితో బీరువాలు కొంటామన్నారు, కొనండి. వేసవిలో నెలరోజులు ఈత నేర్పడానికి కూడా కొంత తీయండి. నేర్పడానికి నేనొస్తాను. ఆడపిల్లలకు నేర్పే ఒక అమ్మను మాత్రం మీరు వెతకాలి.