ఇల్లు మారిన జట్టు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 ముందు వరుసలో కూర్చుని, ఈ ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్న పిల్లలకు ఆశీస్సులు.

ఉగాది సభలో పంచాంగ శ్రవణం ఉంటుంది, పద్యపఠనం ఉంటుంది. ఈ రెండింటి నడుమ బంతాట ముచ్చట ఏమిటని కొందరు పెద్దలకు తోచవచ్చు. మాకూ మొదట అట్లే తోచింది. కాని ఇల్లు మారడమంటే ఏమిటో, మారినచోట ఎట్లా మసలుకోవాలో చెప్పడానికి 2018 నాటి చెన్నై క్రికెట్టు జట్టు కథ బాగా పనికివస్తుందని, ప్రవాసుల సభలో అది అప్రస్తుతం కాదని నమ్మి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మన సంఘంలో రెండు విధాల కుటుంబాలున్నవి. ఉద్యోగం కోసమో, వ్యాపారం కోసమో, పెండ్లి సంబంధం వలననో రైలెక్కి వచ్చి తిరువళ్ళూరులోనో, తిరుత్తణిలోనో స్థిరపడినవారు ఒకరు. రెండవవారు ఎక్కడికీ రాలేదు. వారి తాతలు తిరుత్తణి తాలూకాలోనే పుట్టారు, అక్కడే సేద్యం చేశారు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు వారూ ఆంధ్రులైనారు. తరువాత పటాస్కరు గారి మధ్యవర్తిత్వం, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం, ఆపైన 1960 ఏప్రిల్ 1వ తేదీన తాలూకాలో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలో చేరడం జరిగింది. చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం అటు వెళ్ళింది. ఈ రెండవవారి విషయంలో ఇల్లు కదలలేదు, రాష్ట్రమే కదిలింది. మొదటివారు ఊరు విడిచిన ప్రవాసులు. రెండవవారు ఊరు విడవని ప్రవాసులు. ఇద్దరినీ ఇరుగుపొరుగులు అప్పుడప్పుడు ఒకే ప్రశ్న అడుగుతారు: "మీరు ఎవరి పక్షం?" ఈ ప్రశ్న వినని తెలుగు కుటుంబం ఈ జిల్లాలో ఉండదని మా నమ్మకం.

ఇక కథకు వస్తాము.

చెన్నై సూపర్ కింగ్స్ జట్టు 2016, 2017 సంవత్సరాలలో నిషేధం కారణంగా ఐ.పి.ఎల్. పోటీలకు దూరమైంది. 2018లో తిరిగి వచ్చింది. ఏప్రిల్ 10న చేపాకం మైదానంలో కలకత్తా జట్టుతో ఆట. 2015 తరువాత సొంత ఊరిలో అదే మొదటి మ్యాచి. కలకత్తావారు 202 పరుగులు చేస్తే, చెన్నైవారు ఒక్క బంతి మిగిలి ఉండగా 205 చేసి గెలిచారు. ఊరంతా పండుగ చేసుకోవలసిన రాత్రి. కాని ఆ రాత్రి మైదానం బయట నిరసనలు, పోలీసు బందోబస్తు. లోపల ఆటగాళ్ళవైపు చెప్పులు వచ్చి పడ్డాయి.

కారణం కావేరి. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తమిళనాడు వాటాను 192 టి.ఎం.సి.ల నుంచి 177.25 టి.ఎం.సి.లకు తగ్గించి, తీర్పు అమలుకు ఆరు వారాలలో పథకం సిద్ధం చేయాలన్నది. ఆరు వారాలు గడిచిపోయినవి, పథకం రాలేదు. డెల్టా రైతు ఆకాశంవైపు, అధికారులవైపు చూస్తూ ఉంటే నగరంలో దీపాలు వెలిగించి ఆటలాడడం ఏమిటని నిరసనకారులు అడిగారు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసిపారవేయము. మనలో చాలామంది రైతు బిడ్డలమే. ఆటగాడిమీద చెప్పు విసరడం తప్పు. నీరడిగిన రైతుది మాత్రం తప్పు కాదు. ఈ రెండు మాటలూ ఒక్క నోటనే చెప్పాలి.

మిగిలిన ఆరు సొంత మ్యాచీలకు చెన్నైలో రక్షణ కష్టమని తేలింది. ఎక్కడికి పోవాలన్న చర్చలో మన విశాఖపట్నం పేరు కూడా వినబడింది. చివరకు పుణె నగరాన్ని నిర్ణయించారు. సొంత ఊరిలో ఒక్క ఆట ఆడి, ఆ జట్టు పెట్టె సర్దుకున్నది.

చిత్రమేమంటే, నీటి కారణంగా ఇల్లు విడిచిన జట్టుకు కొత్త ఊరిలోనూ నీటి సమస్యే ఎదురైంది. పుణెలో మొదటి ఆటకు ముందే బొంబాయి హైకోర్టు, పవనా నది నీటిని ఆ మైదానానికి వాడరాదని ఆదేశించింది. అంతకు రెండేళ్ళ ముందు, 2016లో, మహారాష్ట్రలో కరవు వచ్చినప్పుడు ఇదే హైకోర్టు ఏప్రిల్ తరువాతి మ్యాచీలను రాష్ట్రం దాటించమన్నది. అప్పుడు పుణె జట్టుకు విశాఖపట్నమే సొంత మైదానమైంది. ఆ జట్టు నాయకుడు ధోనీ విశాఖలో మే 21న చివరి ఓవరులో 23 పరుగులు కావలసి ఉండగా గెలిపించడం మనలో చాలామంది చూశారు. చూడండి: పుణెకు కరవు వస్తే విశాఖ ఇల్లిచ్చింది, చెన్నైకి కావేరి కష్టం వస్తే పుణె ఇల్లిచ్చింది. ఊళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఇట్లాగే జరుగుతుంది. మనం తిరువళ్ళూరు జిల్లావారము కనుక పూండి జలాశయం సంగతి గుర్తు చేయనవసరం లేదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర ప్రదేశ్ తలా అయిదు టి.ఎం.సి.లు ఒప్పుకున్నందువలన, 1996లో కృష్ణ నీరు తెలుగుగంగ కాలువలో పూండికి తొలిసారి చేరింది. చెన్నపట్నం దాహం తీర్చడంలో ఆ నీటికీ భాగమున్నది.

మళ్ళీ జట్టు దగ్గరకు వద్దాము. ఏప్రిల్ 19న చెన్నై సెంట్రలు నుంచి ఒక ప్రత్యేక రైలు బయలుదేరింది. దానికి పెట్టిన పేరు "విజిల్ పోడు ఎక్స్‌ప్రెస్సు". సుమారు వెయ్యిమంది అభిమానులను జట్టువారే ఉచితంగా పుణెకు తీసుకుపోయారు. వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరం. చెన్నై నుంచి పుణెకు పోయే రైలు దారి ఏదనుకున్నారు? తిరువళ్ళూరు, అరక్కోణం, తిరుత్తణి, రేణిగుంట, కడప, గుంతకల్లు! మన తాతలు ఏ పట్టాల మీద ఇటు వచ్చారో, ఆ పట్టాల దారినే పసుపుచొక్కాల జనం అటు వెళ్ళారు. ఇందులో ఒక నీతి ఉన్నదని మాకు తోచింది. ఇల్లు మారిననాడు సామానుకంటె ముందు మనుషులను వెంట తీసుకుపోవాలి. నలుగురు మనవాళ్ళు ఉంటే పరాయి ఊరిలోనూ ఇల్లు నిలుస్తుంది. ఇటువంటి సంఘాలు ఉన్నది అందుకే కదా!

ఏప్రిల్ 20న పుణెలో రాజస్థాన్ జట్టుమీద 64 పరుగుల తేడాతో గెలుపు. షేన్ వాట్సన్ 106 పరుగులు చేశాడు. తరువాత ముంబయి చేతిలో ఓడారు. ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాదు, పంజాబు జట్లమీద గెలిచారు. పుణెలో ఆరు ఆటలు, అయిదు గెలుపులు.

ఇది ఊరికే జరగలేదు. చేపాకం నేల నెమ్మది నేల, బంతి తిప్పేవారికి అనుకూలం. ఆ నేలను మనసులో పెట్టుకొని హర్భజన్, జడేజా, తాహిర్ వంటి స్పిన్ బౌలర్లను కూర్చుకున్న జట్టు అది. పుణె నేల స్వభావం వేరు. "మా చేపాకం అయితేనా" అని కూర్చుని ఉంటే ఆ ఏడు అంతటితో సరి. వారు అట్లా అనుకోక, ఉన్న నేలకు తగినట్లు ఆడారు. పుణెలో ఆఖరి ఆటనాడు దక్షిణాఫ్రికా వేగపు బౌలరు ఎంగిడి పది పరుగులకే నాలుగు వికెట్లు తీశాడు. పని ముగిసిన తరువాత ఆ మైదానపు పనివారికి జట్టువారు నగదు బహుమానం ఇచ్చి కృతజ్ఞత చెప్పారు. కప్పు గెలవడంకంటె ఈ పని మాకు ఎక్కువ నచ్చింది. అన్నం పెట్టిన చేతిని గుర్తుంచుకున్నవారు ఏ ఊరిలోనైనా బతకగలరు.

ఇక మన ప్రశ్న: ఎవరి పక్షం?

ఆ ఏడు చెన్నై జట్టులో ఎక్కువ పరుగులు చేసినది అంబటి రాయుడు, 602 పరుగులు. గుంటూరులో పుట్టినవాడు. హైదరాబాదుకు ఆడాడు, ఆంధ్రకు ఆడాడు, బరోడాకు, విదర్భకు ఆడాడు; 2010 నుంచి 2017 వరకు ముంబయి పక్షాన ఆడి చెన్నైకి వచ్చాడు. మనవంటి ప్రవాసి అన్నమాట! మే 13న పుణెలో ఆయన 62 బంతులలో అజేయంగా నూరు పరుగులు చేశాడు. ఎవరిమీద? హైదరాబాదు జట్టుమీద. అదే సంవత్సరం హైదరాబాదు యువకుడు సిరాజ్ బెంగళూరు పక్షాన బంతి వేస్తున్నాడు.

మే 27, ఆదివారం రాత్రి, ముంబయి వాంఖడే మైదానంలో అంతిమ పోరాటం. చెన్నైకి ఎదురు హైదరాబాదే. మా ఇంట్లో ఆ రాత్రి చూడవలసిందే. మనవడు పసుపుచొక్కా వేసుకొని కూర్చున్నాడు. సెలవులకు తిరుపతి నుంచి వచ్చిన మేనల్లుడు హైదరాబాదు గెలవాలంటాడు. పొరుగింటి తమిళ పెద్దాయన మాతో కలిసి ఆట చూడవచ్చి, నవ్వుతూనే అడిగారు, "ఏమండీ, ఈరోజు మీరు ఎవరి పక్షం?" అని. ఆయన మనసులో కల్మషం లేదు. అయినా మాకు వెంటనే జవాబు రాలేదు. అరవై ఏళ్ళ కిందట మా ఇంటి పెద్దలను ఇదే మాట వేరే గొంతుతో అడిగినవారున్నారు. ఈలోగా మనవడు మా చేయి పట్టి ఊపుతూ, "తాతా, మనం ఎవురి పక్క?" అన్నాడు. "ఆట చూడరా" అని తప్పించుకున్నాము. అది తప్పించుకోవడమేనని వాడికీ తెలిసింది, పొరుగాయనకూ తెలిసింది.

వంటింటి గడపలో నిలబడి వింటున్న వాడి అవ్వ అన్నది: "చెన్నపట్నం మనకు కూడు పెట్టిన ఊరు. హైదరాబాదు మన మాట మాట్లాడే ఊరు. రాయుడు మనోడు. ఎవురు గెల్చినా పాయసం చేస్తా, గలాటా చేయకుండా చూడండి." పొరుగాయన పెద్దగా నవ్వి, "అయితే మా ఇంటికీ ఒక గిన్నె పంపమ్మా" అన్నారు. మేము చెప్పలేని జవాబు ఆమె చెప్పింది.

ఆ ఆటలో హైదరాబాదు 178 పరుగులు చేసింది. చెన్నై తరఫున వాట్సన్ ఆట మొదలుపెట్టాడు. మొదటి పది బంతులకు ఒక్క పరుగూ రాలేదు. మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు, మనవడు ముఖం ముడుచుకున్నాడు. ఆ వాట్సనే చివరకు 57 బంతులలో 117 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఎనిమిది వికెట్ల తేడాతో చెన్నై గెలిచింది. ఆ జట్టుకు అది మూడవ కప్పు. గెలుపు వేళ అవతలి కొసన ఉన్నది రాయుడు.

మిత్రులారా! కొత్త ఊరికి వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి పది బంతులు అటువంటివే. భాష రాదు, అద్దె ఇల్లు దొరకదు, బడిలో పిల్లవాడు ఒంటరివాడవుతాడు. అప్పుడు బెదరక నిలబడాలి. నిలబడిన తరువాత వచ్చినచోటి నేలను ఎరిగి ఆడాలి. తమిళం చక్కగా నేర్చుకుందాము; మనకు అన్నం పెట్టే భాష అది. ఇంట్లో తెలుగు విడవకుండా మాట్లాడుదాము. మన ఊళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు గాని, చదవలేనివారు ఏటేటా ఎక్కువవుతున్నారు. ఈ సంచికను తమ పిల్లలచేత చదివించి వినగల తల్లిదండ్రులు ఈ సభలో ఎందరున్నారో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. అక్షరం పోయిననాడు "మీరు ఎవరి పక్షం" అని అడిగే అవసరం ఎవరికీ ఉండదు. మన దగ్గర పక్షమే మిగలదు.

2018 జూన్ 1న కావేరి జలాల నిర్వహణ ప్రాధికార సంస్థను కేంద్రం ప్రకటించింది. 2019 మార్చి 23న చెన్నై జట్టు తిరిగి చేపాకంలో ఆడింది. ఇల్లు విడిచినవారికి తిరిగి పోవడానికి ఇల్లుండడం ఒక భాగ్యం. మనలో చాలామందికి తిరిగి పోవడమన్నది లేదు; ఇదే ఇల్లు. కనుక ఈ సంవత్సరాది నాడు మా మనవి ఒక్కటే. పచ్చడి గిన్నె ఒకటి పొరుగింటికి పంపండి. పిల్లలకు ఓనమాలు దిద్దించండి. వచ్చే ఉగాదికి ఈ వేదికమీద ముందు వరుసలోని పిల్లలే తెలుగులో రాసుకొని వచ్చి చదవాలని, మేము కింద కూర్చుని వినాలని కోరుకుంటున్నాము.