తప్పు నంబరు



తెలియనివా రెవ్వరైన మన వీధితలుపు తట్టినచో "తమ కెవరు కావలెను?" అని మర్యాదగా నడుగుదుము. ఆ మనుష్యుడే టెలిఫోనులో బలుకరించినచో "రాంగు నంబరు" అని కసరి పెట్టివేయుదుము. నేనును చాలకాల మట్లే చేసితిని.

ఈ పొరపాటు నేటిది కాదు. 1882లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు టెలిఫోను ఎక్స్ఛేంజీలు వెలసినపుడు తీగలు కలుపువారు మనుష్యులే. తప్పును వారిపై నెట్టుటకు వీలుండెను. అమెరికాలో స్ట్రౌజరను నతడు శవసంస్కారముల వ్యాపారి. తన బేరములను వేరొకరికి గలుపుచున్నారను ననుమానముతో, మనిషితో బనిలేక తీగలు గలుపు యంత్రమును గల్పించెనని చెప్పుదురు. 1891లో దానికి పేటెంటు లభించెను. అటుపిమ్మట తప్పంతయు మన వ్రేలిదే యయినది.

మన సెల్‌ఫోను నంబరునకు 10 అంకెలు. వానిలో నొకటి మారినచో వచ్చునదియు నెవ్వరిదో యొకరిది కావచ్చును. ఆధారు సంఖ్యలో 12వ యంకె తక్కిన 11 అంకెలనుండి లెక్కగట్టబడినది. ఒక్క యంకె తప్పినను యంత్రము పసిగట్టును. టెలిఫోను నంబరున కట్టి కావలి యంకె లేదు. అదిగాక, ఒకరు విడిచిన నంబరును 90 దినములైన నూరకుంచి, పిమ్మట వేరొకరి కిత్తురు. పాతవాని చుట్టముల కా సంగతి తెలియదు.

ఒక ముసలమ్మ నాకు మాటిమాటికి ఫోను చేయుచుండెడిది. "నాయనా" అనుటయే తడవుగా నేను "రాంగు నంబరు" అని పెట్టివేయుచుంటిని. ఒకనాడు మాత్రము, ఏమి తోచెనో, "అమ్మా, ఎవరికి చేస్తున్నారు?" అని యడిగితిని.

"మా చిన్నోడికి బాబూ. వాడికి నామీద కోపం. ఎప్పుడు చేసినా కసిరి పెట్టేస్తాడు."

నా నోట మాట రాలేదు. ఆమెకు చెవులు మందము. నా యింగ్లీషు ముక్క యామె కర్థము కాలేదు. కసరినవాడు తన కొడుకే యనుకొన్నది. ప్రక్కయింటి పిల్లవానిని బిలిపించి, చీటీలోని యంకెలు చదివించితిని. ఆమె 1 అనుకొన్నది నిజమునకు 7.

అపరిచితులకు మన పేరు గాని, బ్యాంకు సంగతులు గాని చెప్పవలదు. ఆ వంకతో మోసగించువారు గలరు. కాని "మీకు కావలసిన నంబరేది?" అని తెలుగున నడుగుటలో మోసపోవున దేమియు లేదు. ఆ యొక్క ప్రశ్న నేను ముందే యడిగియున్నచో, ఒక తల్లి యన్నినాళ్లు తన కొడుకు తన్ను రోసినాడని కుమిలియుండెడిది కాదు.