గొర్రెకు ముందు మేత, తర్వాతే పొడి



మందుల షాపుల్లో అమైనో ఆమ్లాల పొడులు, టానిక్కులు దొరుకుతున్నాయి. మన గొర్రెలకు అవి పనిచేస్తాయా? చూద్దాం.

మాంసకృత్తులు తయారయ్యేది అమైనో ఆమ్లాలతోనే. నెల్లూరు గొర్రె కండకు, దక్కనీ గొర్రె ఉన్నికి, రెండింటి పేగు పొరకూ అవే ఆధారం. పేగు లోపలి పొర ఎప్పటికప్పుడు అరుగుతుంది, మళ్లీ కొత్తగా పుడుతుంది. అందుకు త్రియోనిన్, గ్లుటమిన్ లాంటి అమైనో ఆమ్లాలు కావాలి.

అయితే గొర్రె పొట్టకు నాలుగు అరలు. మేత ముందు పెద్ద అరలో, అంటే రూమెన్‌లో పడుతుంది. అక్కడ లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. మామూలు పొడిని పేగులకు చేరకముందే అవి చాలావరకు విడగొట్టేస్తాయి. అందుకే పైపూత వేసిన మిథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు వచ్చాయి. అవి చాలావరకు రూమెన్ దాటి పేగులకు అందుతాయి.

మరి మనం ముందు చేయాల్సిందేమిటి? ఆ సూక్ష్మజీవులను బాగా పోషించడం. గొర్రెకు అందే అమైనో ఆమ్లాల్లో ఎక్కువ భాగం ఆ జీవుల నుంచే వస్తుంది. ఎండాకాలంలో ఒట్టి ఎండుగడ్డి చాలదు. అవిశ, సుబాబుల్ రెమ్మలు, వేరుశనగ కట్టె, కాస్త వేరుశనగ చెక్క ఇవ్వండి. బూజు పట్టిన చెక్క మాత్రం వద్దు. మేతను ఒక్కసారిగా మార్చకండి. మేత మారే తొలకరికి ముందే చిటుక రోగం టీకా వేయించండి.

మళ్లీ చెబుతున్నాను. ముందు మేత, తర్వాతే పొడి. కొనేముందు పైపూత ఉందా, మీ మందకు అది అవసరమా అని పశువైద్యుణ్ణి అడగండి.