సంతలో నమ్మకం, ఫోన్‌లో లెక్క

 

మన పాట గురించి, థింసా గురించి, మన భాషల గురించి ఇప్పటిదాకా పెద్దలు చక్కగా చెప్పారు. మేము సంత గురించి చెప్పదలచుకున్నాం. సంత కూడా మన సంస్కృతే. మనం సంతకు వట్టి బేరం కోసం వెళ్లం. చుట్టాలను కలుస్తాం, సంబంధాలు మాట్లాడుకుంటాం, పక్క ఊరి మంచిచెడ్డలు తెలుసుకుంటాం. ఆ సంత ఇప్పుడు మన కళ్ల ముందే మారిపోతోంది. అందులో మన చోటు ఏమిటో మనమే తేల్చుకోవాలి.

మన తాతలు చింతపండు, కరక్కాయ, తేనె కావడిలో పెట్టుకుని కొండ దిగేవారు. ఉప్పు, బట్ట, ఎండుచేపలు తీసుకుని కొండ ఎక్కేవారు. షావుకారు చెప్పిందే ధర, వేసిందే తూకం. ముందే అప్పు ఇచ్చి ఉంటాడు కాబట్టి పంట అతని ఇంటికే చేరాలి. ఈ పరిస్థితి మార్చడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అదే మన జీసీసీ. అటవీ ఉత్పత్తులను ముందుగా ప్రకటించిన ధరకు కొనడం, డిపోల్లో నిత్యావసరాలు అమ్మడం దాని పని. 2018లో వన్‌ధన్ పథకం వచ్చింది. సుమారు 300 మంది సభ్యులు ఒక కేంద్రంగా కలిసి, తెచ్చిన సరుకును శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి అమ్ముకోవాలన్నది దాని ఉద్దేశం.

ఇప్పుడు ఫోన్ వచ్చింది. పసుపు ధర ఎంత ఉందో మైదానంలో ఉన్న మిత్రుణ్ణి అప్పటికప్పుడు అడిగి తెలుసుకోవచ్చు. 2016లో యూపీఐ వచ్చాక, సంతలో చీపురుకట్టలు అమ్మే అక్క ముందు కూడా స్కానర్ అట్ట కనబడుతోంది. సిగ్నల్ లేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. అయినా ఈ దారి వెనక్కి పోయేది కాదు.

కొనేవాళ్లు కూడా మారారు. సంతలో కొనేవాడు చింతపండు నోట్లో వేసుకుని చూస్తాడు, పసుపు కొమ్ము విరిచి చూస్తాడు. నగరంలో కొనేవాడికి మన కొండ కనబడదు, మన ముఖం కనబడదు. ప్యాకెట్ మీద రాసిందే చూస్తాడు. ఎవరు తయారుచేశారు, ఎప్పుడు కట్టారు, బరువెంత, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా అని వెతుకుతాడు. పోయిన నెల కొన్న రుచే ఈ నెలా ఉండాలంటాడు. అతని అనుమానాన్ని తప్పు పట్టలేం. మన సరుకే జవాబు చెప్పాలి.

మన అరకు కాఫీనే చూడండి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంత పేరూ చెట్టు దగ్గరే నిలబడాలి, లేదా అక్కడే పోవాలి. ఎర్రగా పండిన పండునే ఏరాలి. ఆకుపచ్చ కాయలతో కలిపి దూసేస్తే కప్పులో రుచి చెడుతుంది. మట్టి నేల మీద ఆరబోస్తే మట్టి వాసన పడుతుంది. తేనె కూడా అంతే. పట్టు మొత్తం పిండకుండా, పిల్లలున్న భాగం వదిలి తేనె ఉన్న భాగమే కోస్తే తేనె శుభ్రంగా ఉంటుంది, ఈగలూ బతుకుతాయి. చలికి తేనె గడ్డకడితే కొనేవారు పంచదార కలిపారనుకుంటారు. అది సహజమేనని ఓపికగా చెప్పడం మన పని.

ఇక్కడే రెండు తరాలు కలవాలి. ఏ చెట్టుకు ఏ నెలలో పట్టు పడుతుందో, ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో తాతకు, నానమ్మకు తెలుసు. ఫొటో తీయడం, లెక్క రాయడం, దూరంగా ఉన్న మనిషికి జవాబివ్వడం మీకు తెలుసు. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇప్పపువ్వు పాతదే, డబ్బా కొత్తది. పెద్దల దగ్గర నేర్చుకోకుండా ఫోన్ ఒక్కటే పట్టుకుంటే, ఎవరో చేసిన సరుకుకు మన పేరు అంటించి అమ్మే పని ఒక్కటే మిగులుతుంది.

చివరగా, కాస్త గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇదివరకు అమ్మ చీపుళ్లు అమ్మితే డబ్బు కొంగున ముడి వేసుకునేది. ఎంతుందో ఆమెకు తెలిసేది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ డబ్బు కొడుకు ఫోన్‌లో పడుతోంది. ఎంత పడిందో, ఎంత పోయిందో అమ్మకు తెలియదు. రీచార్జికి కొంత, ఆన్‌లైన్ ఆటలకు కొంత పోయాక, ఏరిన చేతికి మిగిలేదేమిటి? షావుకారు పద్దు చదవలేక మన పెద్దలు నష్టపోయారు. మన ఇంట్లోనే, మన ఫోన్‌తోనే అలాంటి పద్దు మళ్లీ పుట్టకూడదు. తమ్ముళ్లూ, మీ అమ్మ పేరున ఖాతా తెరిపించండి. ఆమె నంబరే దానికి కలపండి. అంకెలు చదవడం నేర్పండి. చెల్లెళ్లూ, ఇంటి లెక్క మీరూ రాయండి.

రెండు జాగ్రత్తలు ప్రతి ఇంట్లో చెప్పండి. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టనక్కరలేదు. ఎవరైనా కొట్టమంటే అది మోసమే. కొన్నవాడు తన ఫోన్‌లో బొమ్మ చూపించినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. మన ఖాతాలో పడిందో లేదో చూశాకే సరుకు ఇవ్వాలి.

వచ్చే సంతకు మీ నానమ్మతో కలిసి వెళ్లండి. ఆమె బేరం ఎలా చేస్తుందో పక్కన నిలబడి చూడండి. తూకం మీరు చూడండి, లెక్క మీరు రాయండి, డబ్బు మాత్రం ఆమె చేతికే ఇవ్వండి. వ్యాపారంలో మన చదువు అక్కడ మొదలవుతుంది.