సైన్యము విడిచిన బండ్లు

(బెజవాడలో యువకుల సభయందు చేసిన ప్రసంగము)



సైన్యము అమ్మివేసిన పాతబండ్లను కొని పోషించుటను గూర్చి మాటలాడుమని మీరు మమ్ము కోరితిరి. ఈ సంగతి విని మా తోడి న్యాయవాదులు కొందఱు నవ్విరి. దావాలును అప్పీళ్లును చూచుకొనువారికి గ్రీజుతో నేమి పనియని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కావున ముందుగా నేరము నొప్పుకొని, అటుపిమ్మట వాదము వినిపింతుము.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగరు మునిగినపుడు మీలో ననేకులు స్వచ్ఛందసేవకులై పనిచేసిరి. మేమును అన్నపు పొట్లములు మోసినవారిలో నుంటిమి. మా కార్లు వంతెనకడనే నిలిచిపోయినవి. ట్రాక్టర్లును మట్టిత్రవ్వు యంత్రములును నీటిలోనికి పోగలిగినవి. ఎత్తైన చక్రములు గల బండి విలువ ఆనాడు మాకు తెలియవచ్చినది. నీరు తీసిన కొన్నాళ్లకు మేమును నలుగురు మిత్రులును చందాలు వేసికొని, వెనుక సైన్యమున పనిచేసిన జోంగా నొకదానిని కొంటిమి. సేవకొఱకని లోకముతో చెప్పితిమి. ఆ మాట సగము నిజము. తక్కిన సగము సరదా. ఆదివారమునాడు బానెట్టు పైకెత్తి చమురుచేతులతో నిలుచుండుటలో నొక సుఖమున్నది. దానిని దాచుట దేనికి?

యుద్ధపు వస్తువును ముచ్చటకు పెంచుకొందురా యని మఱి కొందఱడుగుచున్నారు. తుపాకిని గోడకు తగిలించి మురియువారిని మేమును మెచ్చము. కాని లారీ తుపాకి కాదు. అది బియ్యము మోసినది, కంబళ్లు మోసినది, గాయపడినవారిని మోసినది. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారు రెండున్నర టన్నుల జీఎంసీ లారీలను 5 లక్షలకు పైగా తయారుచేసిరి. 1944లో మిత్రసైన్యములు ఫ్రాన్సున ముందునకు పరుగెత్తిపోగా, రైలుమార్గములు అంతకుముందే బాంబులచే ధ్వంసమై యుండుటవలన, పెట్రోలును మందుగుండును అందించుట లారీలవంతయ్యెను. ఆ యేడు ఆగస్టు 25 మొదలు నవంబరు 16 వఱకు రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అను పేర నడచిన ఆ రవాణాలో, ఆగస్టు 29వ తేదీన 5,958 బండ్లు 12,342 టన్నుల సరకు చేరవేసినవి. తోలినవారిలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు నల్లజాతివారు. ఆనాటి అమెరికా సైన్యము వారిని తెల్లవారితో కలిపి యొక దళమున నిలువనిచ్చెడిది కాదు. ఆ భేదమును తొలగింపుమని అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞ యిచ్చుటకు 1948 జులై రావలసివచ్చెను. సేనాపతులకు శిలావిగ్రహము లున్నవి. ఆ చోదకులకు ఆ లారీలే యున్నవి.

ఆ లారీలను కాపాడినది ప్రభుత్వములు మాత్రమే కాదు. యుద్ధము ముగియగానే అవి చౌకబేరమున అమ్ముడుపోయినవి. ఫిలిప్పీనులలో మిగిలిన జీపులు జీప్నీలై ఊరిజనమును మోయసాగెను. మన దేశమునను డిస్పోజల్సు లారీలకు చెక్కబాడీలు కట్టి బస్సులుగా నడిపిరి. అట్లు వాడుకలో అరిగి మిగిలినవానిని తరువాతితరమువారు, వడ్రంగులు, బడిపంతుళ్లు, రైతులు, దొడ్లనుండియు తుక్కుకొట్లనుండియు వెదకి తెచ్చి బాగుచేసికొనిరి. అమెరికాలో ఇట్టివారి సంఘము 1976లో ఏర్పడినది. 1919లో వాషింగ్టనునుండి సాన్‌ఫ్రాన్సిస్కోకు సైనికపు లారీలు 62 దినములు ప్రయాణము చేసిన త్రోవను, ఈ సంఘమువారు 2009లో తమ పాతబండ్లతో మరల తొక్కిరి. ఏటేటను జూను నెలలో ఇట్టివారు నార్మండీ తీరమునకు తమ బండ్లను నడుపుకొనివచ్చెదరు.

ఇక మన యింటి సంగతి. జోంగా యన్నది జపాను మాటయని పలువురనుకొందురు. కాదు. జబల్పూరు, ఆర్డినెన్సు, గన్ కారేజి, అసెంబ్లీ అను మాటల తొలియక్షరముల కూర్పది. మూలము మాత్రము నిస్సానువారి పాట్రోల్ బండి. నాలుగు లీటర్లకు రవంత తక్కువైన ఆఱు సిలిండర్ల పెట్రోలు యంత్రము. దాని దాహము తీర్చుట గృహస్థునకు తరము కాదు. అందుచేతనే చాలమంది ఆ యంత్రమును పెఱికి డీజిలు యంత్రము నమర్చుకొనిరి. శక్తిమాను దీనికంటె పెద్దది, పాతది. జర్మనీలోని మాన్ కంపెనీవారి లైసెన్సుపై, కృష్ణ మీనను రక్షణమంత్రిగా నున్న కాలమున, 1959లో జబల్పూరులో దాని తయారీ మొదలయ్యెను. 1965లోను 1971లోను మన సైనికులను ముందునకు చేర్చినది అదియే. హిమాలయపు కనుమలలో శీతకాలపు గ్రాసమును మోసినదియు అదియే. 1990ల నడుమ దాని తయారీ ఆగిపోయినది. తరువాత పనికి రాదనిపించుకొన్న వానిని వేలమున కలప కంట్రాక్టరులు కొనిరి. తక్కినవి తుక్కు తూకమునకు పోయినవి, పోవుచున్నవి.

బండిని కొనుట సులువు, పోషించుట వ్రతము. ఈ మాట మేము దెబ్బతిని నేర్చుకొన్నాము. తెచ్చిన క్రొత్తలో మా జోంగాను అపురూపముగా షెడ్డులో నుంచి, నెలకొకమాఱు తుడిచి మురిసితిమి. నాలుగవనెలలో ఆటోనగరు మలుపున బ్రేకు త్రొక్కగా పెడలు చప్పుడు లేకుండ నేలకంటెను. అదృష్టవశమున బండి నడకవేగమున నున్నది. ఇసుకకుప్పలోనికి పోయి నిలిచినది. ఆ కాలపు బండ్లలో అనేకములకు నాలుగు చక్రముల బ్రేకులును ఒకే గొట్టపుమార్గమున పనిచేయును. ఎచ్చటనో యొక రబ్బరు కప్పు ఎండి పగిలి నూనె కారెనా, నాలుగును పోవును. మా మేస్త్రీ సాహెబుగారు చక్రము విప్పి ఆ కప్పును మా అరచేత పెట్టి, "వకీలుగారూ, బండి తిరిగితే చెడదండీ, నిలబెడితే చెడుతుంది" అన్నారు. అప్పటినుండి వారమునకొకసారి, అవసరమున్నను లేకున్నను, పది మైళ్లు తోలుచున్నాము.

టైరును పూలచెక్కడము చూచి నమ్మరాదు. అరుగకున్నను వయస్సుచే పక్కలు బీటలువాఱును. ఇనుపవలయముతో బిగించు పెద్దచక్రముల విషయమున మఱింత జాగ్రత్త కావలెను: గాలి నింపునపుడు వలయము సరిగా కూర్చుండకున్న ఎగిరి మనిషిని చంపును, కంచెవంటి ఇనుపచట్రములో నుంచియే గాలి నింపవలెను. ముందు ఇరుసునకు బలమిచ్చు మీటను బురదలోను ఇసుకలోను వేయవలెనే గాని తారురోడ్డుమీద వేసి మలుపు తిప్పరాదు. ముందుచక్రములు ఒక దూరము, వెనుకచక్రములు మఱియొక దూరము పోవును గాన పళ్లచక్రములు మెలిపడి విఱుగును. పాతలారీల గేర్లు మార్చునపుడు క్లచ్చిని రెండుమాఱులు త్రొక్కవలసియుండును. మా కుమారుడు ఒక పూటలో నేర్చినాడు. మాకు నెల పట్టినది. ఎక్కడ గ్రీజు పెట్టవలెనో, ఏనాడు పెట్టితిమో వ్రాసికొను పుస్తకము లేనివానికి ఈ సరదా తగదు.

ఇక మా వృత్తికి చెందిన భాగము. సైన్యపుబండి నంబరుపలకమీద పైకిచూచు బాణపుగుఱుతును, కొన్న సంవత్సరపు అంకెలును ఉండును. అది సైన్యము చేతినుండి దాటగానే ఆ నమోదు చెల్లదు; 1988 మోటారు వాహనముల చట్టము 60వ సెక్షను ప్రకారము, తక్కిన బండ్లవలెనే 39, 40 సెక్షనులక్రింద క్రొత్తగా నమోదు కావలెను. ఇరువది యేండ్లుగా పరులకు క్రయపత్రములు పరిశీలించి యిచ్చిన మేము, మా బండి పత్రములోని ఛాసిస్ నంబరును ఇనుముమీది నంబరుతో పోల్చిచూడకయే సొమ్ము చెల్లించితిమి. పత్రములో 7, ఇనుముమీద 1. ఎవరో ఎత్తివ్రాయుటలో చేసిన తప్పు. దిద్దిన పత్రము వచ్చుసరికి ఏడునెలలు గడచినవి. ఆ అంకెను సుత్తితో కొట్టి పదినిమిషములలో మార్చియిత్తునని యొక పెద్దమనిషి కబురంపెను. అట్లు చేసియున్నచో నేడు మీయెదుట నిలువదగియుండము. సోదరులారా, దొంగబండ్లు పాతబండ్ల కాగితములచాటుననే దాగును. కాగితము, ఇనుము ఏకము కానిచో ఎంత ముచ్చటైన బండినైనను విడిచిరండు.

రంగు విషయమున మా మిత్రులకు మాపై కోపము. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 121వది, సైన్యపుబండ్లకు తప్ప మఱి దేనికిని ఆలివు పచ్చరంగు కూడదనుచున్నది. అసలురంగు లేనిదే అసలుబండి యెట్లగునని వారి వాదము. మేమా నిబంధనపక్షమే. ఆ రంగును చూచి జనము త్రోవ యిత్తురు, కావలివాడు గేటు తీయును. ఆ గౌరవము మనము సంపాదించినది కాదు. మా జోంగాకు ఇటుకరంగు వేయించితిమి. చూచుటకు బాగులేదని మా ఇంటివారును అనుచున్నారు.

కాని యొక నిబంధనపై మాకు నిజమైన ఫిర్యాదు కలదు. 2021 జులైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నమోదు కల్పించినది. ఏబదియేండ్లు దాటి, ఛాసిస్సును బాడీని యంత్రమును మార్పక అసలుతీరున నున్న బండికి 'వీఏ' అక్షరములతో నంబరిత్తురు; నిత్యవాడుకకు గాని బాడుగకు గాని త్రిప్పరాదు. మంచి నిబంధనయే. అయితే అది మోటారుసైకిళ్లకును మనుష్యులెక్కు చిన్నబండ్లకును మాత్రమే. రాజావారి కారునకు అందు చోటున్నది. 1971కి ముందు పుట్టి యుద్ధమునకు పోయివచ్చిన శక్తిమాను లారీకి లేదు! వయస్సుచే అర్హత కలిగియు, సరకులబండి యను నెపమున అది వెలుపలనే నిలిచిపోవుచున్నది. బాడుగకు త్రిప్పనివాడు దానిని పనిలారీగా నమోదుచేసి పన్నులు కట్టి నిలుపుకొనలేడు. తుక్కువాడు రొక్కముతో గుమ్మములో నిలిచియుండును.

ఆ నిబంధనలో సరకులబండ్లనుకూడ చేర్పుమని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖకు మహజరు వ్రాసి తెచ్చితిమి. పచ్చరంగు అడుగలేదు, పన్నుమాఫీ అడుగలేదు. ద్వారముకడ బల్లమీద నున్నది. చదివి, సమ్మతమైనవారు సంతకము చేయుడు. జోంగా బయట వేపచెట్టుక్రింద నున్నది. చూడగోరువారు చూడవచ్చును గాని, పిల్లలచేత హారను మ్రోగింపవలదు. దాని తీగ ఇంకను బాగుచేయలేదు.