ఇంటి దాపున గూడబాతు



102వ కీర్తనలోని గూడబాతును గూర్చి మేము ఎన్నోసార్లు ప్రసంగించితిమి. అడవిలో ఒంటరి పక్షియని వివరించితిమి. దాని రూపము మాత్రము ఎరుగము. ప్రకృతి శోభకై ఊటీ, అరకు పోయినవారమే గాని, టెక్కలి దగ్గరి తేలినీలాపురము ఏనాడును చూడలేదు.

ఒక డిసెంబరులో రోగిని పరామర్శింపబోయి, ఆ ఊరి చింతచెట్ల క్రింద నిలిచితిమి. తలపైన గూళ్ళే గూళ్ళు! ముక్కు క్రింద సంచి వ్రేలాడు గూడబాతులు, ప్రక్కనే రంగుకొంగలు. ఒంటరితనమెక్కడ? ఏటేటా సెప్టెంబరు ప్రాంతమున వచ్చి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదరక ముందే వెళ్ళిపోవును. నౌపడ చిత్తడి నేలల చేపలు వాటి మేత. క్రింద రెట్టలు, జారిపడిన చేపల కంపు. మేము రుమాలు తీసితిమి, దాచనేల?

ఆ ఇంటి అమ్మ నవ్వి, "ఇయ్యి రాని ఏడే మాకు బెంగ బాబూ, వానలుండవు" అనెను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చినది. ఇక్కడి చెట్లును దెబ్బతినెను. చింత పెరుగుటకు ఎన్నేండ్లు పట్టును! ఆమె పెరటిలో మోకాలెత్తు చింతమొక్క యొకటి చూపెను. మేకలు ముట్టకుండ చుట్టును ముళ్ళకంప కట్టియున్నది.